ఆది జాకెట్టు

"ఇక్కడ కత్తిరించి దగ్గరికి లాగితే గుడ్డ ముడతపడి తీరుతుంది డాక్టరమ్మా, చూస్తూ ఉండండి," అంటూ టైలరమ్మ డమ్మీకి తొడిగిన పాత జాకెట్టు మీద సుద్దతో చిన్న సున్నా చుట్టింది.

మధ్యాహ్నం వేళ. దుకాణం తలుపు దగ్గరగా వేసి ఉంది. పన్నెండేళ్లుగా డాక్టర్ జాకెట్లన్నీ కుట్టేది ఈ టైలరమ్మే. డాక్టర్ చేసేది రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు. ఈ దుకాణంలో ఆవిడ ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఆస్పత్రిలో కాగితం మీద గీసి మరీ చెప్పాను. అయినా బుర్రకెక్కలేదు," అంది డాక్టర్. "రేపు పొద్దున్నే ఆపరేషన్. రెండు పద్ధతుల్లో ఏది కావాలో ఇవాళే తేల్చుకోవాలి."

"కాగితం మీద ఎవరికెక్కుతుందండీ! గుడ్డ మీద చెప్పండి. కానీ ఒక షరతు. కస్టమరు ఎదురుగా ఉంటే నాకు కత్తెర ఆడదు. ఆ ఆపరేషన్ ఆవిడ ఇక్కడ లేదనుకుని మాట్లాడుకుందాం."

డాక్టర్ ఒక్క క్షణం తల దించుకుంది. "సరే," అంది.

"గడ్డ ఎంతుంది?"

"కోటు బొత్తాం కన్నా కాస్త పెద్దది. ఎడమవైపు, కింది భాగంలో."

"రొమ్ము మొత్తం తీసెయ్యక్కర్లేదూ?"

"ఆవిడకి అక్కర్లేదు. గడ్డ తీసి, తర్వాత కొన్ని వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెట్టిస్తే అదీ అంత భద్రమే."

డాక్టర్ కత్తెర అందుకుంది. ఇరవై ఏళ్లుగా మనుషుల్ని కోస్తున్న చెయ్యి, గుడ్డ దగ్గరికొచ్చేసరికి తటపటాయించింది.

"కానివ్వండి, రక్తం రాదులే!" అంది టైలరమ్మ.

డాక్టర్ నవ్వి, సుద్దగీతకి కాస్త బయటగా కత్తిరించింది. "గడ్డ చుట్టూ కొంచెం మంచి కండ కూడా తీస్తాం. దాన్ని మార్జిన్ అంటాం."

"మీరూ ఆ మాటే అంటారా!" టైలరమ్మ మొహం వెలిగిపోయింది. "మేం లోపల వదిలేది మార్జిను, మీరు బయటికి తీసేది మార్జిను. బావుంది వరస!"

ఆవిడ కన్నం అంచుల్ని దగ్గరికి లాగి నాలుగు కచ్చా కుట్లు వేసింది. అనుకున్నట్టే గుడ్డ ముడుచుకుపోయింది.

"మొదటి పద్ధతి ఇదే," అంది డాక్టర్. "చిన్న కోత, తక్కువ సమయం. తొందరగా మానుతుంది. గడ్డ ఉన్న చోటుని బట్టి ఇలా గుంట పడొచ్చు. రెండో పద్ధతిలో పక్కనున్న కండని జరిపి ఆ గుంట నింపుతాం. ఆకారం నిలుస్తుంది. కానీ కోత పొడుగు, సమయం ఎక్కువ."

టైలరమ్మ కుట్లు విప్పింది. పక్క గుడ్డ కోసి, కన్నంలోకి జరిపి, మళ్లీ కుట్టి అరచేత్తో సాపు చేసింది. జాకెట్టు డమ్మీ మీద చక్కగా కూర్చుంది. చంక కింద ఉన్న పాత కుట్టు మాత్రం వంకరగానే ఉంది.

"మీ జాకెట్లు కూడా మీరే కుట్టుకుంటారా?" అడిగింది డాక్టర్, ఆ చేతివాటం చూసి.

"ఎక్కడండీ! మన కొలత మనకి అందదు. మా తోడికోడలు కుడుతుంది. దాని చేతిలో ఏదీ తిన్నగా రాదు." అంతలోనే ఆవిడ నుదురు ముడిపడింది. "అది సరే, అంచులో జబ్బు మిగిలిందని తర్వాత తెలిస్తే? మొదటిదైతే అదే కుట్టు విప్పుతారు. ఇందులో గుడ్డంతా జరిగిపోయిందే, పాత చోటు ఎక్కడని వెతుకుతారు?"

డాక్టర్ ఆశ్చర్యపోయింది. "ఇది మా జూనియర్లకి కూడా తట్టదు! లోపల గుర్తుగా చిన్న క్లిప్పులు వదులుతాం. అయినా కాస్త కష్టమే. కాకపోతే ఇందులో ముందే వెడల్పుగా తీసే వీలుంది. మళ్లీ కోయాల్సిన అవసరం తక్కువ పడొచ్చు."

టైలరమ్మ కొత్త కుట్టు వెంట వేలు పోనిచ్చింది.

"ఆవిడ బాగా భయపడుతోంది," అంది డాక్టర్ మెల్లగా.

"భయం ఉండదా మరి? మత్తు దిగాక అద్దంలో ఏం చూడాలోనని ఉండదూ?" టైలరమ్మ జాకెట్టుని మరోసారి నిమిరింది. "రెండోదే. మచ్చ పొడుగైతే ఏం, బట్ట కిందే కదా. రెక్కల కష్టం మీద బతికే మనిషి, మళ్లీ కోయించుకునే తీరికెక్కడిది?"

డాక్టర్ సంచిలోంచి అంగీకార పత్రం తీసి, పద్ధతి అన్న చోట రెండోదాని వివరాలు రాసింది. రాస్తుంటే ఆవిడ కళ్లు చెమర్చాయి.

"ఇంక ఆవిడ ఇక్కడే ఉందనుకోవచ్చా?" అని అడిగి, పెన్ను బల్ల మీద పెట్టింది.

పేషెంటు అని ఉన్న చోట టైలరమ్మ సంతకం పెట్టింది.