మరకల నిపుణుడు

“కదలకే పిచ్చుకా, ఇంకాస్త రుద్దితే పోతుంది.”

“అది బుగ్గండీ, చొక్కా కాలరు కాదు!” భార్య అతని చేతిలోంచి నిమ్మచెక్క లాగేసుకుంది.

కూతురి బుగ్గ రెండు చోట్ల తెల్లబడితే డ్రై క్లీనింగ్ షాపాయన నిలువునా తెల్లబోయాడు. ఎవరి బట్ట మీద ఏ మరక పడినా వదిలించే మనిషి. ఆయన చేతిలో సిరా వదిలింది, తుప్పు వదిలింది, ఇంజన్ ఆయిలు కూడా దండం పెట్టి వదిలింది. సొంత పిల్ల దగ్గరికొచ్చేసరికి మచ్చ వదల్లేదు, తోలు వదిలింది. చూసినవాళ్లు ‘బొల్లి’ అంటారేమోనని పిల్ల చేత బడి కూడా వదిలించాడు.

“ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. వస్తే రండి, లేకపోతే షాపుకెళ్లి ఇస్త్రీ చేసుకోండి,” అంది భార్య.

వెళ్లాడు.

డాక్టరమ్మ పిచ్చుక గడ్డం పట్టుకుని మొహం కిటికీ వెలుగులోకి తిప్పింది.

“బొల్లేనా?” గొంతు తగ్గించి అడిగాడు.

“కాదు. బొల్లయితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఇది ఊరికే పాలిపోయింది, పైన కాస్త పొట్టు రేగింది. చర్మం పొడిబారిందంతే. పిల్లల్లో మామూలే. ఇంతకీ దేంతో కడుగుతున్నారు?”

“ఆయన్నే అడగండి,” అంది భార్య.

“బట్టల సబ్బు... కాస్త సోడా... నిమ్మకాయ...” నసిగాడు.

“డ్రై క్లీనింగ్ అంటే పిల్లని డ్రై చెయ్యడం కాదండీ. రుద్దడం ఆపండి. స్నానం కాగానే ఈ క్రీము రాయండి. ఎండకి చుట్టూ నల్లబడితే మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పెరిగిందని హడావిడి పడకండి. కొన్ని నెలల్లో దానంతటదే కలిసిపోతుంది. రేపు బడికి పంపండి.”

విషయం తేటతెల్లమైంది గానీ, ఆయన అనుమానం మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

“మరి ఎలాంటిదైతే భయపడాలి డాక్టరుగారూ?”

“తాకినా తెలియని మచ్చయితే. అది కనబడిన రోజే రావాలి. మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఊరుకుంటే నరాలు దెబ్బతింటాయి. మీ అమ్మాయిది అలాంటిది కాదు. కావాలంటే మీ ముందే చూపిస్తాను.” డాక్టరమ్మ చిటికెడు దూది తీసి కొసని సన్నగా మెలిపెట్టింది. “పాపా, కళ్లు మూసుకో. ఇది తగలగానే ‘ఆఁ’ అనాలి.”

పిచ్చుక కళ్లు మూయకపోగా ఇంకాస్త పెద్దవి చేసింది. “దూదిలో సూది ఉంటుంది. నాకు తెలుసు.”

“లేదే తల్లీ,” అంది తల్లి.

“అయితే ముందు నాన్నకి.”

“ఓస్, అంతేనా!” ఆయన చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, చెయ్యి బల్ల మీద చాపి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. “చూడవే, ధైర్యమంటే ఇదీ! కానివ్వండి డాక్టరుగారూ.”

మోచేతి కింద, కోటు బొత్తామంత మేర, చర్మం పాలిపోయి ఉంది.

డాక్టరమ్మ దూది కొసని దాని మీద ఆనించింది. మెల్లగా అటూ ఇటూ రాసింది. ఆగి, మళ్లీ రాసింది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న ‘ఆఁ’ అనకుండా ఓర్చుకుంటున్నాడని పిచ్చుక చప్పట్లు కొట్టింది.

“అవతల షాపు తెరవాలి డాక్టరుగారూ,” అన్నాడాయన కళ్లు తెరవకుండానే. “ఇంతకీ ఎప్పుడు మొదలుపెడతారు?”