బొమ్మ వచ్చింది గానీ

“మళ్లా నల్లగనే ఉంది గదరా,” అన్నాడు సాంబయ్య.

కిశోర్ టీవీ కింద బోర్లా పడుకుని, నోట్లో టార్చి కరుచుకుని, కంప్యూటర్ వెనక తీగ దోపుతున్నాడు. పొద్దున కామ్‌రేజ్ నుంచి ఈ అమ్రోలి ఖోలీకి వచ్చినవాడు ఇంకా చాయ్ కూడా తాగలేదు.

ఖోలీ అంటే ఒకటే గది. అందరూ సొంతూళ్లు వదిలి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లే. పగటి షిఫ్టువాళ్లు పనికి పోతే రాత్రి షిఫ్టువాళ్లు పడుకుంటారు, వీళ్లు పోతే వాళ్లు. ఏ వేళ చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉండాల్సిందే. అందుకని టీవీ ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉండాలని ఇక్కడి రూలు. క్రికెట్ అయినా సినిమా అయినా మూగబొమ్మలే.

ఈ ఒక్కరోజుకు రూలు ఎత్తేశారు. నాలుగింటికి తెలుగు చానెల్‌లో సాంబయ్య బిడ్డ పాట పాడుతోంది. ఆ పిల్ల పేరు విజేత. పగటి షిఫ్టువాళ్లు కూడా వచ్చి వినాలంటే రికార్డు కావాలి. సాంబయ్యకు కిశోర్ వరసకు అన్న కొడుకు, ఐటీ కంపెనీలో ఉద్యోగం. పాత కంప్యూటరొకటి మోసుకొచ్చి, చానెళ్లు వచ్చే హెచ్‌డీ డబ్బాను దానికి కలిపి, దాన్నుంచి టీవీకి ఇస్తే చూడటమూ రికార్డూ రెండూ అయిపోతాయన్నాడు. అన్నంతసేపు బాగానే ఉంది.

మొదట హెచ్‌డీఎంఐ తీగ తిన్నగా కంప్యూటర్‌కు గుచ్చాడు. ఏమీ రాలేదు. ఆ రంధ్రం బొమ్మను బయటికి పంపేదే గానీ లోపలికి తీసుకునేది కాదని వాడికి చాలాసేపటికి గుర్తొచ్చింది. మధ్యలో బొమ్మను లోపలికి పంపే క్యాప్చర్ డబ్బా పెట్టాడు. అప్పుడూ నలుపే. కాపీ చేయనివ్వకుండా చానెల్‌వాళ్లు తాళం వేశారట. తల పట్టుకుని, ఆ తీగ పీకేసి, రంగురంగుల పాత తీగలు ఒక్కొక్కటే గుచ్చాడు.

బొమ్మ వచ్చింది. ఖోలీ అంతా చప్పట్లు కొట్టింది.

“సౌండేది?” అన్నాడు సాంబయ్య.

“వస్తది కాకా, ఏక్ మినిట్.”

“ఆ మినిట్ పొద్దుగాల్నించి నడుస్తనే ఉన్నది,” అన్నాడు సంపత్. అతనిలాగే నిద్ర మానుకుని కూర్చున్న రాత్రి షిఫ్టువాళ్లు ఆవలింతల మధ్య నవ్వారు.

మ్యూట్ తీశాడు. టీవీ వాల్యూమ్ నిండుగా పెట్టాడు. ఎర్ర తీగ, తెల్ల తీగ అటుదిటు మార్చాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. యాంకర్ నోరు ఆడిస్తూనే ఉంది, మాట మాత్రం లేదు. చివరికి కంప్యూటర్‌ను పక్కకు తోసి డబ్బాను తిన్నగా టీవీకే కలిపి చూశాడు. ఊహూ.

“డబ్బాలనే సౌండు పోయినట్టుంది కాకా. లేకుంటే టీవీదే ఏదో గడబిడ. జర పేచ్‌కస్ ఇయ్యి, ఎనక స్క్రూలు ఇప్పి చూస్త.”

“టీవీకేమైతది? దాన్ని ముట్టకు,” సాంబయ్య గొంతు పెంచాడు. “నీకు చేతగాక దాని మీద పెడుతున్నవా? ఏం చదువురా నీది. నా బిడ్డ లోకమంతటికి వినపడేటట్టు పాడుతాంటే కన్నతండ్రికి వినపడదాయె.”

కిశోర్ చెవులు ఎర్రబడ్డాయి. తీగలన్నీ మళ్లీ కంప్యూటర్‌కే కలిపి రికార్డు నొక్కాడు.

“మార్కండేయను లేపుండ్రి, పాటొస్తున్నది,” అన్నారెవరో. టీవీకి అటువైపు తన జాగాలో మార్కండేయ దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు.

“వినపడితే లేస్త,” అన్నాడు ముసుగులోంచే.

పచ్చ పరికిణీలో విజేత వచ్చింది. మైకు పట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఖోలీలో అందరూ మెడలు ముందుకు చాపారు. ఆ పిల్ల గొంతు నరాలు కనబడుతున్నాయి గానీ గొంతు వినబడటం లేదు. సాంబయ్య తన పరుపు మీంచి లేచి వెళ్లి టీవీకి చెవి ఆనించాడు. పాట అయిపోయింది. జడ్జీలు కాబోలు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అవి కూడా వినబడలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది.

“బాపూ, ఎట్ల పాడిన?”

“మస్తు పాడినవ్ బిడ్డా.”

“నడుమ దగ్గొచ్చింది బాపూ. వినపడ్డదా?”

“లేదు బిడ్డా,” అన్నాడు సాంబయ్య, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ. “అసలే వినపడలే.”

కిశోర్‌కు ఏడుపొక్కటే తక్కువ. సామాను సర్దుకోబోతూ, ఎందుకో రికార్డయిన దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి నొక్కాడు. విజేత గొంతు ఖంగుమంది. నడుమ దగ్గుతో సహా.

సాంబయ్య ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకుని, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఇక ఎవరు ఏం చేస్తున్నారో ఆయనకు పట్టలేదు.

డబ్బాది తప్పు కాదు, తీగలది కాదు, తనది అంతకన్నా కాదు. కిశోర్ కోపంగా పేచ్‌కస్ తానే వెతుక్కుని టీవీ వెనక మూత విప్పాడు. లోపల రెండు వైపులా రెండు చిన్న స్పీకర్లు. రెండిటి వైర్లూ తెగి ఉన్నాయి. పోగులు కత్తిరించే కత్తెరతో కోసినట్టు నున్నగా.

“ఎవరు కాకా ఈ పని చేసింది?”

ఫోన్‌లో పాట అయిపోయాక సాంబయ్య కళ్లు తెరిచి చూశాడు. తల దించుకున్నాడు.

“నా పరుపు దిక్కుది నేనే కోసిన బిడ్డా. నేను పండుకున్నప్పుడు ఈ సంపత్‌గాడు దొంగతనంగ సౌండ్ పెడుతడని. తిడితె తిట్టుండ్రి.” మళ్లీ అనుమానంగా టీవీ వైపు చూశాడు. “గాని ఒక్కదాన్నే కోసిన. రెండోది మోగాలె గదరా?”

టీవీకి అటువైపు దుప్పటి మెల్లగా కదిలింది.

“ఇటు దిక్కు పండుకునేది నేను గదనే అన్నా,” అన్నాడు మార్కండేయ.