వంకాయ రంగు

“ఎర్రటిది ఉంది, ఆకుపచ్చది ఉంది, పసుప్పచ్చది కూడా ఉంది. నాకు కావాల్సిన వంకాయ రంగుదే లేదు. నా ఖర్మ కాకపోతే ఏంటక్కా ఇది!” రచన మౌస్‌ని విసురుగా పక్కకి నెట్టింది.

“ఇంకోసారి చూద్దాం,” అంది విద్య మెల్లగా.

సన్నీవేల్‌లో విద్య ఇంట్లో, శుక్రవారం మధ్యాహ్నం. విద్య భర్త చక్రపాణి, రచన పనిచేసే గేమ్ కంపెనీలో సీనియర్. గేముల్లో గోడలకీ, నేలకీ, బట్టలకీ, ఒంటికీ అతికించే టెక్స్చర్ ఫొటోలు లక్షకి పైగా పోగేశాడు. తుప్పు, నాచు, గోనెపట్టా, పగుళ్ళిచ్చిన సిమెంటు, ఏది అడిగితే అది ఉంటుంది. పోగేయడం వరకే ఆయన వంతు. ఫోల్డర్లలో సర్ది, ఒక్కోదానికీ రంగేమిటో, దేని మీద తీసిందో గడుల్లో రాసిపెట్టేది విద్య. ఆమెది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. ఇంట్లో ఊరికే చాకిరీ చేయించుకోవడానికి మాత్రం ఏ వీసా అడ్డురాదు కదా!

రచనకి సోమవారం చావో రేవో. చేస్తున్నది బాక్సింగ్ గేమ్. ఓడిపోతున్న బాక్సర్ జబ్బ మీద కమిలిన దెబ్బ అచ్చం నిజందిలా ఉండాలి. డెమోలో అది పాసైతేనే హెచ్‌వన్ వీసా ఫైల్ చేస్తానన్నాడు బాస్. లేదంటే పెట్టే బేడా సర్దుకుని ఫ్లైట్ ఎక్కడమే.

కమిలిన చర్మం ఫొటోలంటే కంపెనీ మొత్తానికీ చక్రపాణే దిక్కు. “మెక్సికన్ షాపులో పంది చర్మం కొనుక్కొచ్చి, సూదితో రంగులెక్కిస్తానమ్మా. ఓపికుండాలంతే,” అని నవ్వుతూ చెప్పేవాడు. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగని మనిషి.

“అసలు ‘చర్మం’ అని సెర్చ్ కొడితే ఇవి ఒక్కటీ రాలేదు తెలుసా? లక్ష ఫొటోలకి దేని మీద తీసిందో రాశావు. వీటికే ఆ గడి ఖాళీగా వదిలేశావేంటక్కా?”

“ఏం రాయాలో తోచలేదు.”

“పంది చర్మం అని రాయాలి. అన్న చెప్పలేదా నీకు?”

విద్య ఆ ఫోల్డర్ మూసేసింది. “డూప్లికేట్లు డిలీట్ చేస్తుంటే అది కూడా పోయినట్టుంది,” అంది. “ఎర్రటిదాని మీద నీలం కలుపుకుంటే సరిపోదా?”

“ఫేక్ అని పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది!”

రచనకి తల వేడెక్కింది. లేచెళ్ళి చొరవగా ఫ్రిజ్ తెరిచింది. పాలు, కరివేపాకు, బెండకాయలు, పెరుగు గిన్నె ఉన్నాయి.

“ఒక్క గుడ్డయినా లేదేంటక్కా? ఆమ్లెట్ వేసుకుందామనుకున్నా.”

“ఆయనకి ఆ వాసన గిట్టదు. గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వరు,” అంటూ విద్య మజ్జిగ గ్లాసు అందించింది. స్లీవ్‌లెస్ టాప్‌లోంచి కనిపిస్తున్న రచన జబ్బని వేలితో తాకి, ఆ రోజుకి మొదటిసారి నవ్వింది. “టీకా మచ్చ! నీకు ఒక్కటేనా? నాకు రెండు. ఎనిమిదంకెలా అతుక్కుపోయాయి.”

“మా అమెరికన్ రూమ్మేట్ అయితే బుల్లెట్ తగిలిందా అనడిగింది! ఏదీ, నీది చూపించు.”

విద్య స్వెట్టర్ చేతులు ఇంకా కిందికి లాక్కుంది. బయట ఎండ మండిపోతోంది. “ఇప్పుడెందుకులే,” అంది.

రచన సెల్ తీసింది. ఆ తీయడం చూసి విద్య మొహం పాలిపోయింది.

“ఆయనకి చెప్పకు రచనా. రేపటిదాకా టైమివ్వు. పాత డిస్కులు కూడా వెతుకుతాను.”

“నాకంత టైమెక్కడిది? అన్న నిన్నేమీ అనడులే,” అంటూనే నంబర్ కొట్టేసింది. “అన్నా, వంకాయ రంగుది అక్క డిలీట్ చేసేసిందట. ఇంకోటి తీసివ్వగలవా?”

“దానికేం భాగ్యం! ఈ వీకెండ్‌లో తీసేద్దాం. ఎలా ఉండాలి?”

“ముదురు రంగు, చుట్టూ ఎర్రటి అంచు. కాస్త పెద్దదే కావాలన్నా.”

“పెద్దదే తీద్దాం. ఒకసారి విద్యకివ్వమ్మా.”

విద్య ఫోన్ అందుకుని రెండుసార్లు “ఊ” అంది. తిరిగిచ్చేటప్పుడు రచన చెయ్యి వదల్లేదు. “ఈ రెండ్రోజులూ ఇక్కడే ఉండిపోకూడదూ? పప్పుచారు పెడతాను. కబుర్లు చెప్పుకుందాం.”

“గండం గట్టెక్కనీ అక్కా, అప్పుడొచ్చి వారం ఉంటా.” రచన చెప్పులేసుకుని హుషారుగా మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగేదాకా విద్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

సోమవారం పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి ఫైల్ సిద్ధంగా ఉంది. కింద చక్రపాణి రాసిన రెండు ముక్కలు: ‘విద్యకి ఒంట్లో బాలేదు. క్రాపింగ్, ట్యాగింగ్ నువ్వే చేసుకో.’

రచన ఫొటో తెరిచింది. అబ్బ, ఏం రంగు! నడుమ ముదురు వంకాయ రంగు, చుట్టూ ఎర్రటి అంచు. అడిగినట్టే పెద్దది. ఇక డెమోకి తిరుగులేదు. సంబరంగా జూమ్ చేసి మూలమూలా చూసుకుంటూ వెళ్ళింది.

కింద కుడి మూలన రెండు మచ్చలు ఎనిమిదంకెలా అతుక్కుని ఉన్నాయి.

రచన ఆ మూలని ఇంకా పెద్దది చేసి చూసింది. బెండకాయలు, పెరుగు గిన్నె, ఎండలో స్వెట్టరు, చెయ్యి వదలని విద్య, ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. కాస్త పెద్దదే కావాలన్నది తనే. అద్దాల గది అవతలినుంచి బాస్ వాచీ చూపిస్తూ రమ్మని సైగ చేశాడు. చక్రపాణి ఆయన పక్కనే నిలబడి ఎప్పటిలాగే నవ్వుతున్నాడు.

రచన ఆ మూల కత్తిరించేసి, ఖాళీ గడిలో ‘పంది చర్మం’ అని రాసింది.