గాలం లేని కర్ర

"గాలం వద్దు, కర్ర ఒక్కటే చాలు," అన్నాడు చిన్నపుల్లయ్య, కువైట్‌లోని మిర్కాబ్‌లో చేపలు పట్టే సామాన్ల కొట్టు ముందు.

బుల్లిరాజుకి తల తిరిగింది. కోనసీమలో గాలాలతోనే పెరిగినవాడు, కడప రూమ్మేటుకి చవగ్గా మంచి సరుకు ఏరిపెడదామని వచ్చాడు.

"గాలం లేకపోతే చేపలెలా పడతాయయ్యా బాబూ?"

"పడకూడదనే కదన్నా! నేను చేపలు తిననే తినను."

"మరి కర్రెందుకూ?"

"రూములో ఎనిమిది మందిమి. ఏడ్చుకోను తావు లేదు. సముద్రం కాడ ఒట్టి చేతులతో కూర్చుంటే పోలీసోడొచ్చి ఇఖామా కార్డు అడుగుతాడు. కర్ర ఉంటే ఎవురూ అడగరు."

బుల్లిరాజు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ ఎనిమిది మందిలో తనూ ఒకడు.

ఏరిన గాలాలన్నీ తిరిగి డబ్బాలో పోసేసి, తన జేబులోని సొంత గాలాలూ తీసి బల్లమీద పెట్టాడు.

"దో దేదో భాయ్," అన్నాడు కొట్టువాడికి కర్ర చూపించి, రెండు వేళ్ళెత్తి.