కళ్ళు మూసుకున్న పాము

"సారూ, ఇంట్లోకి పాము దూరింది!" ఫోన్లో గాబరాగా చెప్పింది లాల్బీ.

"ఎక్కడుందమ్మా?" అడిగారు కరుణాకరం సారు.

"వంటింట్లో, బియ్యం డ్రమ్ము ఎనకాల. మెదలకుండా కళ్ళు మూసుకోని పండుకోని ఉంది."

"కళ్ళు మూసుకోని ఉందా?" అని ఇంకోసారి అడిగి చెప్పించుకున్నారు సారు.

"నువ్వు బయటే ఉండు. వస్తన్నా," అని పెట్టేశారు.

లాల్బీ తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టి అరుగు మీద కూర్చుంది. మార్కాపురం ఎండ మాడు పగలగొడుతోంది.

ఆమె భర్త ఇనాయతుల్లా కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరుగా ఉండేవాడు. కరుణాకరం అక్కడే ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు ఇద్దరూ ఒకే స్కూటరు మీద తిరిగారు. త్రిపురాంతకంలో రక్తదాన శిబిరమన్నా వీళ్ళే, కొమరోలులో బోరునీళ్ళ పరీక్షన్నా వీళ్ళే. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి పరిగెత్తేవాళ్ళను బతిమాలి, తిట్టి, ఆసుపత్రికి చేర్చిందీ వీళ్ళే. ఈ హడావుడిలో సారు పెళ్ళి సంగతే మరిచిపోయారు. ఊరూరా ఆయన చెప్పే పాఠం ఒకటే. పాముకు చెవుల్లేవు, కంటిరెప్పల్లేవు, పగ అంతకన్నా లేదు. చంపకండి, నాకు కబురు చేయండి.

ఆ పాఠాన్ని ఇనాయతుల్లా ఇంటికొచ్చి భార్యకు అప్పజెప్పేవాడు. లాల్బీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది.

ఇనాయతుల్లా పోయి రెండేళ్ళు. పిల్లల్లేరు. పలకల ఫ్యాక్టరీలో పని మానేశాక లాల్బీని పేరుపెట్టి పిలిచేవాళ్ళే కరువయ్యారు. సారు మాత్రం నెలకోసారి వచ్చి, అరుగు మీద కూర్చుని, టీ తాగి వెళ్ళేవారు. ఆ ఒక్కరోజే అది ఇల్లులా అనిపించేది. ఈమధ్య ఆయన రాక కూడా తగ్గింది.

పది నిమిషాల దారికి సారు గంటన్నర చేసి వచ్చారు. ప్యాంటు అంచుల నిండా పల్లేరుకాయలు.

"ఏంది సారూ, అట్లున్నారు?"

"బండి మొరాయించింది లేమ్మా."

స్కూటరుకు తగిలించిన గుడ్డసంచీని చంటిపిల్లను దించినట్టు రెండు చేతులా దించారు. సంచీ తడిగా ఉంది.

లాల్బీ ఆగలేకపోయింది. "ఊరు ఇడిచిపెట్టి పోతన్నారంట గదా. దుకాణమాయన నాగులు చెప్పినాడు."

"అవునమ్మా. మా చెల్లెలు యేసుమణి గుంటూరు రమ్మంటా ఉంది. ఆదివారం పోదామనుకుంటన్నా. ఈ ఫోను మోగి మూడు నెలలైంది. పాములు పట్టేదానికి ఇప్పుడు కుర్రోళ్ళున్నారు, వీడియోలు కూడా తీస్తన్నారు. ఇంక నాతో ఎవరికేం పని?"

"ఇయ్యాళ మోగింది గదా సారూ."

సారు నవ్వారు. "మోగింది. చూద్దాం. పాము దొరికిందా, ఈ ఊరికి నాతో ఇంకా పనుందన్నట్టు. దొరకలేదా, సామాన్లు కట్టేస్తా."

లాల్బీ లేచి గొళ్ళెం తీసింది.

"నేను పిలిచేదాకా తలుపు తియ్యొద్దు," అని సంచీతో, కొక్కెం కర్రతో లోపలికి వెళ్ళారాయన.

డ్రమ్ము జరిపిన చప్పుడు. గిన్నె దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. లాల్బీ కొంగు గుప్పిట పట్టుకుని దువా చేసుకుంది. ఈయన కూడా వెళ్ళిపోతే ఇక ఈ అరుగు ఎక్కే మనిషి ఉండడు. అరవై ఏళ్ళ బతుకులో ఆమె ఇంతగా ఎప్పుడూ భయపడలేదు.

"లాల్బీ! రామ్మా!"

తలుపు తీసింది. సారు చేతిలో నాలుగు మూరల జెర్రిపోతు మెలికలు తిరుగుతోంది.

"యా అల్లా!" లాల్బీ ఎగిరి గోడకు కరుచుకుపోయింది. నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"భయపడొద్దు. దీనికి విషముండదు. ఎలకల కోసం వచ్చినట్టుంది," అంటూ దాన్ని సంచీలోకి జారవిడిచి మూతి కట్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

లాల్బీ టీ పెట్టింది. చక్కెర రెండుసార్లు వేసింది. సారు ఆ టీనే లొట్టలు వేసుకుంటూ తాగారు. అరుగు మీద గంటసేపు పాత కబుర్లు నడిచాయి. కురిచేడు దగ్గర రైల్లో సంచీ మూతి ఊడి పాము బయటకొస్తే, ఇనాయతుల్లా పైబెర్తు ఎక్కి, మార్కాపురం రోడ్డు స్టేషను వచ్చినా దిగనని మొరాయించాడట. లాల్బీ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

"మరి గుంటూరు?" చివరికి భయంభయంగా అడిగింది.

"ఇంట్లో జెర్రిపోతులు తిరుగుతుంటే నిన్ను ఒక్కదాన్నే వదిలిపెట్టి ఎట్ల పోతానమ్మా? వానాకాలం పోనీ, అప్పుడు చూద్దాం." స్కూటరు స్టార్టు చేస్తూ, "మళ్ళీ వస్తే ఫోన్ చెయ్యి," అన్నారు.

"చేస్తా సారూ."

స్కూటరు సందు మలుపు తిరిగేదాకా చూసి, లాల్బీ వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డ్రమ్ము ముందు చాలాసేపు అట్లాగే నిలబడిపోయింది.

సారు ఊరు వదిలి పోకూడదని, లేని పామును ఉన్నట్టు ఫోన్లో చెప్పింది తనే మరి.