రెండు ఫ్లాపీల ఇల్లు

వీధి పంపు నుంచి రెండు బిందెల్లో తెచ్చిన నీళ్లను మా పెద్దాడపడుచు తాయారు వదిన గుడ్డలో వడగట్టి డ్రమ్ములో పోస్తోంది. నేను హాల్లో ప్లాను పరిచాను.

పెరంబూరులోని ఈ పాత ఇంటిని పడగొట్టి అన్నదమ్ములిద్దరూ చెరో భాగం కట్టుకోబోతున్నారు. బావగారి భాగం ఆయన స్నేహితుడు గీసి ఫ్లాపీలో ఇచ్చాడు. మా ఆయన చెప్పినట్టు మా భాగం నేను ఇంకో ఫ్లాపీలో గీశాను. నిన్న ప్లాన్లు గీసే మా ఆఫీసు కంప్యూటర్లో రెండు ఫైళ్లూ కలిపి ఒకే షీటుగా ప్రింటు తీశాను.

"గోడకి గోడ సరిగ్గా కూర్చునిండాదే! సూపరమ్మా," అన్నారు బావగారు.

వదిన బిందె దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. తల్లి పోయాక తమ్ముళ్లిద్దరినీ పెంచింది ఆమే. పెళ్లి చేసుకోలేదు.

"రెండు వంటిళ్లు, రెండు పూజ గదులు. మహారాజులురా మీరు," అని నవ్వింది. "సరి, నా మంచం ఏడేస్తారు?"

బావగారు తమ్ముడి వైపు తిరిగారు. "నీ దాంట్లో పెట్టలేదా?"

"నీ దాంట్లో ఉంటాదని కదా నేను..."



"దానికేముందక్కా," అన్నాడు మా ఆయన. "జననీ, మెట్ల కింద ఒక గది గీసెయ్."

నేను పెన్సిల్ తీశాను. మెట్లు రెండు భాగాల్లోనూ ఉన్నాయి.

"ఎవరి మెట్ల కింద?" అని అడిగాను.

ఇద్దరూ ప్లాను వైపే చూస్తున్నారు.

వదిన చెప్పులేసుకుని బయటికి వెళ్లింది.

"పంపు కాడికేమో," అన్నారు బావగారు.

బిందెలు రెండూ డ్రమ్ము పక్కనే ఉన్నాయి.