బస్టాండ్ వెనుక గది

"ఆపుండ్రి! ఇంకొక్క తట్ట గూడ పొయ్యద్దు."

కిషన్ రావు కేకకు కాంక్రీటు తట్టలు మోస్తున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. కోరుట్ల బస్టాండ్ వెనుక, గదులు అద్దెకిచ్చేందుకు ఓదెలు కడుతున్న మూడంతస్తుల బిల్డింగుకు ఆ రోజు రెండో స్లాబు పడుతోంది. కిషన్ రావు వెంట పురుషోత్తం రావు, ఇంకో నలుగురు కాలనీ పెద్దలు వచ్చారు. నక్సలైటు అన్నల భయానికి ఊళ్లలో గడీలు వదిలిపెట్టి, ఇక్కడ ఎత్తు గోడల ఇళ్లు కట్టుకున్నవాళ్లే అందరూ.

దుబాయిలో ఏళ్లకేళ్లు సిమెంటు పని చేసి వచ్చిన ఓదెలు, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏమైంది దొరా? పర్మిషన్ తీసుకున్న గద!"

"ముప్పై కిరాయి అర్రలాయె. ఇంతమందికి నీళ్లెక్కడియి? మురికినీళ్లు పోను మోరి ఏది?"

"బోరు ఏయించిన. మోరి గూడ తవ్విస్త."

"పైన ఎవడో నిలవడి పండ్లు తోముకుంట మా వాకిట్లకు చూస్తడు. మా ఆడోళ్లు బయటికి రావాల్నా, వద్దా?" పురుషోత్తం రావు అందుకున్నాడు.

"మీ దిక్కు కిటికీలే పెట్ట దొరా. గోడ మూసేస్త."

దేనికీ కాదనకుండా ఒప్పుకుంటున్న మనిషితో ఎలా కొట్లాడాలో కిషన్ రావుకు తెలియలేదు. ఇక అసలు మాట బయటపెట్టాడు.

"కిటికీల లొల్లి కాదు ఓదెలూ. కాలం మంచిగ లేదు. బస్సు దిగినోడు దిగినట్టే వచ్చి నీ అర్రల పండుకుంటడు. వాడెవడో, వాని సంచిల ఏమున్నదో నీకెట్ల తెలుస్తది? రేపు పోలీసోళ్లు వస్తే మా తలుపులు గూడ కొడ్తరు."

"బీడీలు చేసుకునేటోళ్లు, వీసాల కోసం తిరిగేటోళ్లు దొరా. బస్సుకు దగ్గర ఇంత జాగ దొరికితే చాలనుకునేటోళ్లు. ఊళ్లె బతకలేక వస్తుండ్రు. మీరు రాలేదా?"

తట్టలు మోసే ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కిషన్ రావు మొహం నల్లబడింది.

"మాకు, వాళ్లకు పోలికనా? ఇప్పుడే పోలీస్ స్టేషనుకు పోతున్న. ఈ అర్రలల్ల ఎవరుంటరో వాళ్లనే తేల్చుమంట."

పోలీసుల మాట వినగానే ఓదెలు మెత్తబడ్డాడు. కలిపి పెట్టిన కాంక్రీటు మాలు గట్టిపడుతోంది. దాని వంక ఓసారి చూసి, కిషన్ రావును పక్కకు పిలిచాడు.

"వద్దు దొరా. పని ఆపేస్త. అర్రలు మాట్లాడుకున్నోళ్లకు సర్దిచెప్పుకుంట. ఒక్క అర్ర సంగతి మాత్రం మీరే మాట్లాడుండ్రి. కింద మొదటి అర్ర. తయారైంది. తాళంచెవి గూడ తీస్కపోయిండ్రు."

"ఎవరు?"

ఓదెలు గొంతు తగ్గించాడు. "మీ దొరసాని."

కిషన్ రావు ఇంటికి నడిచాడు. ఏమైందో తెలియక మిగతావాళ్లూ వెనకే వచ్చి గేటు బయట ఆగారు. లోపల సులోచన చేటలో బియ్యం ఏరుతోంది.

"నువ్వు ఓదెలు దగ్గర అర్ర తీసుకున్నవా?"

"తీసుకున్న."

"ఉన్నది ఇద్దరం. ఇంట్ల అర్రలన్ని ఖాళీగున్నయి. నా మీద కోపమొస్తే పోయి ఉండేతందుకా?"

"నాకు కాదు."

"మరెవరికి?"

బయటినుంచి పురుషోత్తం రావు పిలిచాడు. "బావా, స్టేషనుకు పోదమా? సి.ఐ. ఉండే యాళ్లయింది."

సులోచన గేటు వైపు చూసి, ఆ మాట బయటికి వినపడకుండా మెల్లగా అంది.

"మన బిడ్డ రాధకు. ఎన్నడన్న తుపాకి పారేసి, అడవిల నుంచి వచ్చి బస్సు దిగితే, మీరు గేటు తియ్యరు గద."